వంగ కుటుంబం పుప్పొడి: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పే రోజుల నుంచీ వింటున్న ప్రశ్నలివి. ప్రాజెక్టు రికార్డు రేపు ఇవ్వాలనే టెన్షన్‌లో వచ్చేవాళ్లు కొందరు, మిద్దె తోటలో టమాటా పూత రాలిపోతోందని అడిగేవాళ్లు కొందరు. అందరికీ విడివిడిగా చెప్పిందే చెప్పే బదులు ఒక్కచోట రాసి పెడుతున్నాను.

వంగ కుటుంబంలో ఏయే మొక్కలు ఉన్నాయి?

పాఠ్యపుస్తకంలో దీన్ని సొలనేసి అంటారు. వంకాయ, టమాటా, బంగాళాదుంప, మిరప రోజూ వంటింట్లోకి వచ్చేవి. పొగాకు, అశ్వగంధ (మనవాళ్లు పెన్నేరు అనేది ఇదే), కామంచి, ఉస్తికాయ, బుడ్డకాశ, ఉమ్మెత్త, పెరట్లో రాత్రిరాణి, కుండీలో పెటునియా కూడా ఈ ఇంటివే. ప్రపంచం మొత్తం మీద దాదాపు 100 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), 2,700 దాకా జాతులు ఉన్నాయి. వాటిలో సగం వరకు సొలానమ్ అనే ఒక్క ప్రజాతిలోనే ఉన్నాయి.

వినాయక చవితికి తెచ్చే 21 పత్రిని ఒకసారి గుర్తు చేసుకోండి. బృహతీ పత్రం అంటే వాకుడు, దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త. రెండూ వంగ కుటుంబానివే. అదే కట్టలో విష్ణుక్రాంత ఉంటుంది. చాలామంది ఆ పేరుతో వాడే చిన్న నీలి పూల మొక్క చిలగడదుంప కుటుంబానిది, అంటే కాన్వాల్వులేసిది. వంగ కుటుంబానికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఈ కుటుంబమే. ఈ చుట్టరికం మళ్లీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పుప్పొడి ఆకారానికీ వర్గీకరణకూ సంబంధం ఏమిటి?

ఎరువు బాగా వేస్తే వంగ ఆకు వెడల్పవుతుంది. నీడలో పెరిగితే కాండం సాగుతుంది. పుప్పొడి రేణువు గోడ మీది నగిషీ మాత్రం ఎరువుకీ నీడకీ మారదు. రేణువు సైజు కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, గోడ మీద గాళ్లు (గాడి లాంటి పల్లాలు) ఎన్ని, కన్నాలు ఎన్ని, పైన గీతలా చుక్కలా ముళ్లా అన్నది ఆ జాతి సొంత గుర్తు. అందుకే వర్గీకరణ చేసేవాళ్లు పువ్వునూ కాయనూ చూసినంత శ్రద్ధగా పుప్పొడినీ చూస్తారు. ఈ చదువుకు పాలినాలజీ అనే పేరు 1944లో వచ్చింది. హైడ్, విలియమ్స్ అనే ఇద్దరు పెట్టారు.

దీని బలం ఎంతటిదో తెలియాలంటే వరి రేణువునూ వంగ రేణువునూ పక్కపక్కన పెట్టి చూడాలి. వరి, జొన్న, గరిక లాంటి గడ్డిజాతి రేణువుకు గుండ్రని కన్నం ఒకే ఒక్కటి ఉంటుంది. వంగ రేణువుకు మూడు గాళ్లు ఉంటాయి. పూల మొక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇలా మూడు ద్వారాల పుప్పొడి ఉన్నవీ, వాటి నుంచి వచ్చినవీ. వీటన్నిటినీ యూడైకాట్లు అంటారు. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. ఆ సంగతి పుప్పొడి ముందే పట్టించింది.

అయితే ఒక మాట ముందే చెప్పేస్తాను. పుప్పొడి పెద్ద విభజనల దగ్గర గట్టి సాక్షి. కుటుంబాల దగ్గర మంచి సాక్షి. ప్రజాతుల దగ్గర ఒక్కోసారి సాక్షి. జాతుల దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు నోరు మెదపదు. కింది జవాబులన్నీ ఈ నాలుగు మెట్ల మీదే నడుస్తాయి.

వంగ కుటుంబం పుప్పొడి మైక్రోస్కోప్‌లో ఎలా కనిపిస్తుంది?

ముందు వంకాయది చూద్దాం. రేణువు చిన్నది, అడ్డంగా కొలిస్తే సుమారు 20 నుంచి 30 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. దాదాపు గుండ్రంగా ఉంటుంది. పై నుంచి కిందికి మూడు గాళ్లు, ఒక్కో గాడి మధ్యలో ఒక కన్నం. మొలకెత్తేటప్పుడు పరాగనాళం (రేణువు చాచే సన్నని గొట్టం) ఆ కన్నంలోంచే బయటికి వస్తుంది. గాడీ కన్నమూ కలిసి మూడేసి ఉన్న ఈ నమూనాను ట్రైకోల్పొరేట్ అంటారు. వంగ కుటుంబంలో ఎక్కువ మొక్కలది ఇదే నమూనా. గోడ పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది. బాగా పెద్దగా చేసి చూస్తే సన్నని రవ్వ చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. టమాటా, బంగాళాదుంప, కామంచివి కూడా ఈ తరహావే. నిజం చెప్పాలంటే మొదటిసారి చూసినవాళ్లకు నిరాశే. మందార పుప్పొడిని చూసిన కళ్లతో దీన్ని చూస్తే ‘ఇంతేనా సార్’ అంటారు.

ఇప్పుడు ఉమ్మెత్త స్లయిడ్ పెట్టండి. ‘ఇంతేనా’ అన్నవాళ్లే పక్కవాడిని తోసేసి మరీ చూస్తారు. రేణువు వంకాయదానికి దాదాపు రెండింతలు ఉంటుంది. గోడంతా సన్నని గీతలు, ఒకదాని పక్కన ఒకటి మెలికలు తిరుగుతూ, అక్కడక్కడ కలుస్తూ, బొటనవేలి ముద్రలా కనిపిస్తాయి. ఫోకస్ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పితే వెలుగు గీతలు చీకటి గీతలవుతాయి, చీకటివి వెలుగువవుతాయి. గట్టు ఏదో పల్లం ఏదో తెలుసుకోవడానికి అదే పద్ధతి. సొలానమ్ రేణువు మీద ఇలాంటి గీతలు వెతికినా దొరకవు. అంటే ఈ రెండింటినీ వేరు చేయడానికి పువ్వు, కాయ లేకపోయినా పుప్పొడి సరిపోతుంది.

పొగాకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. దాని స్లయిడ్‌లో మూడు గాళ్ల రేణువులతో పాటు నాలుగు గాళ్లవీ కనిపిస్తాయి. పొగాకు రెండు వేరు వేరు జాతులు కలిసి, క్రోమోజోములు రెట్టింపై పుట్టిన మొక్క. ఇలా క్రోమోజోములు పెరిగిన మొక్కల్లో ద్వారాల సంఖ్య కూడా పెరగడం పుప్పొడి చూసేవాళ్లకు కొత్తేమీ కాదు. కాబట్టి స్లయిడ్‌లో నాలుగు గాళ్లది కనిపించగానే ‘కొత్త జాతి దొరికింది’ అని పరుగెత్తకండి. కనీసం వంద రేణువులు లెక్కపెట్టి, ఏది ఎన్ని ఉన్నాయో రాసుకోండి.

ఒకే పువ్వు పుప్పొడిలో ముక్కోణంలా కొన్ని, వడ్ల గింజలా కొన్ని కనిపించాయి. కల్తీ జరిగిందా?

లేదు. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. నిమ్మకాయను తొడిమ వైపు నుంచి చూస్తే గుండ్రం, పక్క నుంచి చూస్తే కోల. ఇదీ అంతే. రేణువు తల వైపు నుంచి చూస్తే మూడు గాళ్లూ అంచున మూడు నొక్కులుగా కనబడతాయి. దాన్ని ధ్రువ దృశ్యం అంటారు. పక్క నుంచి చూస్తే ఒకటో రెండో గాళ్లు నిలువుగా కనిపిస్తాయి. అది మధ్యరేఖా దృశ్యం. వర్ణన రాసేటప్పుడు రెండు కొలతలూ ఇవ్వాలి.

ఇంకో కారణం తేమ. ఎండిన రేణువు గాళ్లను లోపలికి ముడుచుకుని సన్నబడుతుంది, తడి తగలగానే ఉబ్బి గుండ్రమవుతుంది. లోపలి నీరు ఆరిపోకుండా అది చేసుకునే ఏర్పాటది. అందుకని పొడి స్లయిడ్ కొలతనూ తడి స్లయిడ్ కొలతనూ పోల్చి, తేడా ఉందని రాయడం తప్పు. ఎన్నో ప్రాజెక్టు రికార్డుల్లో ఎర్ర ఇంకుతో సున్నా చుట్టింది ఇక్కడే.

అసిటాలిసిస్ అంటే ఏమిటి? తప్పనిసరిగా చేయాలా?

రేణువు బయటి గోడ స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. ప్రకృతిలో దానంత మొండి సేంద్రియ పదార్థం మరోటి దొరకడం కష్టం. యాసిడ్‌కు కరగదు, కుళ్లదు, లక్షల ఏళ్లు మట్టిలో పడి ఉంటుంది. ఆ మొండితనాన్నే వాడుకుని స్వీడన్ శాస్త్రవేత్త ఎర్డ్‌మన్ ఒక పద్ధతి పెట్టాడు. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ 9 పాళ్లు, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 పాలు కలిపి, అందులో పుప్పొడిని వేసి కొన్ని నిమిషాలు వేడిచేస్తే లోపలి సరుకూ పైనున్న జిడ్డూ పోయి గోడ ఒక్కటే మిగులుతుంది, అదీ తేనె రంగులో. అప్పుడు నగిషీ అద్దంలా కనిపిస్తుంది.

చేసి తీరాలా అంటే, పేపర్ రాయాలనుకుంటే చేయాలి. ఊరికే చూడాలనుకుంటే వద్దు. ఆ మిశ్రమంలో నీటి చుక్క పడితే ఉడుకుతున్న నూనెలో నీళ్లు చిలకరించినట్టే ఎగసి చిమ్ముతుంది. అందుకే పుప్పొడిని ముందుగా గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్‌లో ఉంచి తడి తీసేస్తారు. మా ల్యాబ్‌లో ఒకసారి కడిగిన సెంట్రిఫ్యూజ్ గొట్టాన్ని నేను ఆరబెట్టకుండానే వాడాను. అడుగున ఉన్నది నాలుగైదు చుక్కలే. చొక్కా చేతికి పడ్డ చిల్లులు ఆ రోజు గుర్తులు. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, పక్కన తెలిసినవాళ్లు లేకుండా దీని జోలికి పోవద్దు.

బంగాళాదుంపా చిలగడదుంపా చుట్టాలే అంటారు. పుప్పొడి కూడా అలాగే ఉంటుందా?

అస్సలు ఉండదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే.

చిలగడదుంపను రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు, తెలంగాణలో కందగడ్డ అంటారు. దాని పుప్పొడి వంకాయదానికి మూడు నాలుగు రెట్లు పెద్దది. గాళ్లు లేవు. ఒళ్లంతా కన్నాలు, ఒళ్లంతా ముళ్లు. స్లయిడ్ మీద నేరేడు పండంత బంతికి మేకులు కొట్టినట్టు కనిపిస్తుంది. తూటికూర, కాశీరత్నం లాంటి దాని దగ్గరి బంధువులవి కూడా ఈ తరహావే. ఇటు వంగ కుటుంబంలో వాకుడు ఆకుకు ముళ్లు, ఉమ్మెత్త కాయకు ముళ్లు. పుప్పొడికి మాత్రం ముళ్లు లేవు. అటు చిలగడదుంప తీగను చేత్తో నిమిరినా ఏమీ గుచ్చుకోదు, ముళ్లన్నీ పుప్పొడిలో దాచుకుంది.

చరిత్రలోనూ ఈ రెండు కుటుంబాల దారి వేరు. 1893లోనే జర్మన్ శాస్త్రవేత్త హాలియర్ చిలగడదుంప కుటుంబాన్ని ముళ్ల పుప్పొడి ఉన్నవి, నున్నని పుప్పొడి ఉన్నవి అని రెండుగా చీల్చేశాడు. ముళ్ల వర్గం నిజంగానే ఒకే వంశం అని తర్వాత డీఎన్‌ఏ కూడా చెప్పింది. నున్నని వర్గం మాత్రం కలగూరగంపగా తేలింది. వంగ కుటుంబంలో పుప్పొడికి అలాంటి పెద్దరికం ఎప్పుడూ దక్కలేదు. అక్కడ వర్గీకరణను విత్తనం నడిపించింది. విత్తనం బిళ్లలా ఉండి లోపల పిండం వంకర తిరిగి ఉంటే ఒక ఉపకుటుంబం, పిండం నిటారుగా ఉంటే ఇంకో ఉపకుటుంబం అని 20వ శతాబ్దంలో చాలాకాలం విడదీశారు. వంకర పిండం వర్గం (వంగ, మిరప, ఉమ్మెత్త ఇందులోవే) డీఎన్‌ఏ పరీక్షకు నిలబడింది. నిటారు పిండం వర్గం చెదిరిపోయి నాలుగైదు ముక్కలైంది. లేనిదాన్ని బట్టి, అంటే ‘ముళ్లు లేవు’, ‘వంకర లేదు’ అని గుంపు కడితే చివరికి ఇలాగే అవుతుంది.

టమాటా శాస్త్రీయ నామం ఎందుకు మార్చారు? అందులో పుప్పొడి పాత్ర ఉందా?

1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ టమాటాను వంకాయతో పాటే సొలానమ్‌లో పెట్టి సొలానమ్ లైకోపెర్సికమ్ అన్నాడు. ఇంగ్లండ్ తోటల నిపుణుడు మిల్లర్ దాన్ని వేరు చేసి లైకోపెర్సికాన్ అనే సొంత ప్రజాతిగా నిలబెట్టాడు. 1768 నాటి లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అనే పేరునే మనలో చాలామంది బట్టీపట్టాం. 1993లో స్పూనర్, ఆండర్సన్, జాన్సెన్ క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ చూసి, టమాటాకు అతి దగ్గరి చుట్టం బంగాళాదుంప అని తేల్చారు. బంగాళాదుంప సొలానమ్‌లో ఉంటే టమాటా బయట ఉండటానికి వీల్లేదు కదా. తిరిగి పుట్టింటికి చేరింది, లిన్నేయస్ పెట్టిన పేరే మళ్లీ వాడుకలోకి వచ్చింది.

మిల్లర్ తరవాత వాళ్లు దాన్ని వేరుగా ఉంచడానికి చూపిన పెద్ద కారణం పరాగకోశాలు, అంటే పువ్వులో పుప్పొడి తయారయ్యే సంచులు. వంకాయలో పరాగకోశం కొనకు రెండు కన్నాలు పడి పుప్పొడి రాలుతుంది. టమాటాలో పరాగకోశాలు ఒకదానికొకటి అంటుకుని శంకువులా ఉంటాయి, కొన సన్నగా సాగి ఉంటుంది, లోపలి వైపు నిలువునా చీలతాయి. చూడటానికి పెద్ద తేడాయే. లోపలున్న రేణువు మాత్రం మామూలు సొలానమ్ రేణువే. కోశాన్ని చూసినవాళ్లు విడదీశారు. రేణువు విడదీయమని ఎప్పుడూ అనలేదు. అలాగని కలపమని వాదించే బలమూ దానికి లేదు, ఎందుకంటే అలాంటి రేణువులు ఈ కుటుంబంలో వందలు.

ఇంటర్, డిగ్రీ పరీక్షల్లో ఏ పేరు రాయాలని అడుగుతారు. మీ పుస్తకంలో ఏది ఉంటే అది రాయండి. పాత పేరు రాస్తే పక్కన కొత్తది కూడా రాయండి, దిద్దేవాళ్లు సంతోషిస్తారు.

కామంచి రకాలను పుప్పొడితో గుర్తుపట్టవచ్చా?

ఆకారంతో కష్టం, సైజుతో కొంతవరకు అవుతుంది.

పొలం గట్టు మీద ‘కామంచి’ అని పిలిచేది ఒక్క మొక్క కాదు. కనీసం మూడు జాతులు ఆ పేరు మోస్తున్నాయి. సొలానమ్ అమెరికానమ్‌కు 24 క్రోమోజోములు, నారింజ రంగు పండ్ల సొలానమ్ విల్లోసమ్‌కు 48, సొలానమ్ నైగ్రమ్‌కు 72. హెర్బేరియం షీటు (మొక్కను ఎండబెట్టి అతికించి దాచే కాగితం) మీద ఎండిపోయి నల్లబడ్డాక వీటిని విడదీయడం తల పండినవాళ్లకూ తలనొప్పే. రేణువులు మూడింటివీ ఒకేలా ఉంటాయి, మూడు గాళ్లు, సన్నని చుక్కలు. కానీ క్రోమోజోములు పెరిగే కొద్దీ రేణువు సైజు పెరుగుతుంది. అమెరికానమ్‌వి చిన్నవి, నైగ్రమ్‌వి బాగా పెద్దవి. యాభయ్యేళ్ల నాటి షీటు మీద ఎండిన మొగ్గ ఒకటి దొరికినా చాలు, అందులోంచి పుప్పొడి తీసి కొలిస్తే క్రోమోజోముల సంగతి ఊహించవచ్చు. బతికున్న వేరు కొన లేకుండా క్రోమోజోములు లెక్కపెట్టలేని చోట ఇది పెద్ద ఆసరా. సైజు ఒక్కదాన్నే నమ్మకుండా పండ్ల గుత్తి, గింజలు కూడా చూసి పేరు పెట్టాలి.

వంకాయ పుప్పొడి అంత చిన్నగా, పొడిగా ఎందుకు ఉంటుంది?

ఉప్పు డబ్బా గుర్తు చేసుకోండి. మూతకు సన్న కన్నాలు, లోపల పొడి ఉప్పు. తేమ తగిలి ఉప్పు ముద్దకడితే ఎంత కొట్టినా రాలదు. వంగ పువ్వు పరాగకోశం అలాంటి డబ్బా. కన్నాలు కొన దగ్గర ఉంటాయి కాబట్టి రేణువులు చిన్నగా, జిగురు లేకుండా ఉంటేనే బయటపడతాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. వచ్చిన పురుగుకు ఇచ్చే కూలి పుప్పొడే.

డబ్బాను కొట్టే పని తుమ్మెదది. నల్లగా, బొద్దుగా ఉండే తుమ్మెద పువ్వును కాళ్లతో పట్టుకుని, రెక్కలు కదపకుండా ఛాతీ కండరాలను అదిరిస్తుంది. ఆ క్షణంలో ఝుమ్మనే శబ్దం మామూలుగా ఎగిరేటప్పటి మోత కంటే సన్నగా, కీచుగా వినిపిస్తుంది. పొద్దున్నే వంగతోటలో నిలబడితే మీకే తెలుస్తుంది. తేనెటీగకు ఇలా అదిరించడం రాదు. అందుకే చుట్టూ తేనెపెట్టెలు ఎన్ని పెట్టినా వంగకు తుమ్మెదతో వచ్చినంత లాభం రాదు. చల్లని దేశాల్లో గ్రీన్‌హౌస్ టమాటాకు బంబుల్‌బీలను పెట్టెల్లో తెచ్చి వదలడం 1980ల చివర్లో మొదలైంది కూడా ఇందుకే.

స్కూల్ ఫిజిక్స్ ల్యాబ్‌లో శృతిదండం ఉంటుంది. 256 లేదా 512 హెర్ట్జ్ ఏదైనా సరే. దాన్ని రబ్బరు దిమ్మకు కొట్టి, విచ్చిన వంగ పువ్వు పరాగకోశాలకు తాకించి, కింద నల్ల కాగితం పట్టుకోండి. తెల్లని పొగలా పుప్పొడి రాలుతుంది. మిరప పువ్వుతో ఇదే చేస్తే అంత తమాషా ఉండదు. మిరప పరాగకోశం నిలువునా విచ్చుకుంటుంది, తేనెటీగ కూడా తీసుకోగలదు. పక్కపక్క మళ్లలో ఉండే ఈ రెంటి మధ్య ఇంత తేడా ఉందని రైతులకు చెబితే చాలామంది నవ్వుతూ ‘తుమ్మెద సంగతి మాకు తెలుసు సార్’ అన్నారు.

కన్నాలూ గాళ్లూ లేని పుప్పొడి కూడా ఉంటుందా?

ఉంటుంది, అదీ ఈ కుటుంబంలోనే. మెక్సికోలో సొలానమ్ అపెండిక్యులేటమ్ అనే మొక్క ఉంది. ప్రతి పువ్వులోనూ కేసరాలూ ఉంటాయి, అండాశయమూ ఉంటుంది. ఎవరైనా ద్విలింగ పువ్వనే రాసుకుంటారు. 1979లో ఆండర్సన్ దాన్ని పుప్పొడి దగ్గర పట్టుకున్నాడు. కొన్ని మొక్కల పుప్పొడికి మామూలుగా మూడు గాళ్లు ఉన్నాయి, కొన్ని మొక్కల పుప్పొడికి ద్వారమే లేదు. ద్వారం లేని రేణువు మొలకెత్తదు, పరాగనాళం రావడానికి దారి ఉండదు. అంటే ఆ మొక్కలు పైకి ద్విలింగ వేషం వేసుకున్న ఆడ మొక్కలు. కాయలు కాసేవి అవే. పనికిరాని పుప్పొడి మరి ఎందుకు? తేనె లేదు కాబట్టి, పుప్పొడి కనబడకపోతే తుమ్మెద రాదు. ఆ రేణువులు అచ్చంగా దాని మేత. ఆస్ట్రేలియా సొలానమ్‌లలో కూడా ఇలాంటివి ఉన్నాయి.

పువ్వును భూతద్దంతో చూసి లింగం రాసేసే అలవాటు నాకూ ఉండేది. ఈ మొక్క గురించి చదివాక మానేశాను.

డీఎన్‌ఏ ఉండగా ఇంకా పుప్పొడి ఎందుకు చూడాలి?

అన్ని చోట్లా డీఎన్‌ఏ దొరకదు. మట్టి పొరల్లో, తేనెలో, పాత షీటు మీద పుప్పొడి ఉంటుంది. పైగా డీఎన్‌ఏ చుట్టరికం చెబుతుంది గానీ, ఆ పువ్వు ఎలా బతుకుతోందో చెప్పదు. అపెండిక్యులేటమ్ గుట్టు మైక్రోస్కోప్‌తోనే బయటపడింది.

శిలాజాల్లో వంగ కుటుంబం పుప్పొడి దొరికిందా?

ఈ కుటుంబానికి పుప్పొడి శిలాజాల ఆస్తి తక్కువ. పురుగుల మీద ఆధారపడే పూలు కాబట్టి గాలిలోకి వెదజల్లే పుప్పొడి కొంచెమే. దొరికినా మూడు గాళ్ల మామూలు రేణువును చూసి ఇది వంగదే అని గట్టిగా అనడం కష్టం. అందుకే ఇక్కడ వార్త కాయ రూపంలో వచ్చింది. అర్జెంటీనాలోని పటగోనియాలో లగూనా డెల్ హుంకో అనే చోట సుమారు 5.2 కోట్ల ఏళ్ల నాటి రాతిలో బుడ్డకాశ లాంటి కాయలు దొరికాయి. 2017లో ప్రకటించారు. కాయ చుట్టూ కాగితపు బుడ్డలా ఉబ్బే రక్షక పత్రాలు, వాటి ఈనెలు రాతి మీద స్పష్టంగా ఉన్నాయి. ఫైసాలిస్ ఇన్‌ఫినెముండి అని పేరు పెట్టారు. అప్పటివరకు డీఎన్‌ఏ లెక్కలతో ఈ కుటుంబం వయసు మూడు కోట్ల ఏళ్లకు అటూఇటూ అనుకున్నారు. ఒక్క బుడ్డకాశ ఆ లెక్కను తారుమారు చేసింది. చిన్నప్పుడు నుదుటి మీద టప్పున పగలగొట్టుకున్న కాయ అదే మరి.

ఉమ్మెత్త పుప్పొడి నుంచి మొక్కను పెంచారని విన్నాను. నిజమేనా?

నిజం, పైగా మన దేశంలో జరిగిన పని. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ, మహేశ్వరి కలిసి ఉమ్మెత్త జాతి డటూరా ఇన్నాక్సియా పరాగకోశాలను పోషక యానకంలో పెంచుతుంటే లోపలి నుంచి పిండాలు బయటికి వచ్చాయి. చూస్తే అవి పుప్పొడి నుంచి వచ్చినవి. మామూలు మొక్కకు 24 క్రోమోజోములుంటే వీటికి 12. ఈ ఏకస్థితిక (క్రోమోజోములు సగమే ఉన్న) మొక్కకు కోల్చిసిన్ అనే రసాయనం ఇచ్చి క్రోమోజోములను రెట్టింపు చేస్తే అచ్చమైన వంశక్రమం (తరతరాలకూ లక్షణాలు మారనిది) ఒక్క అడుగులో వస్తుంది. మామూలుగా అయితే ఏడెనిమిది తరాలు స్వపరాగ సంపర్కం చేయాలి. కొద్ది ఏళ్లకే పొగాకులోనూ సాధించారు. ఈ ప్రశ్న పరీక్షల్లో తరచూ వస్తుంది, సంవత్సరం గుర్తుంచుకోండి.

ఈ మొక్కల పుప్పొడితో అలర్జీ వస్తుందా?

గాలిలో ఎక్కువగా తిరగదు కాబట్టి సాధారణంగా ఇది పెద్ద సమస్య కాదు. మన దగ్గర తుమ్ములకు కారణం వెతకాలంటే ముందు వయ్యారిభామను, గడ్డిజాతులను అనుమానించండి. ఉమ్మెత్త వేరే సంగతి. అలర్జీ కాదు, విషం. మొక్క అంతా విషమే. పువ్వు తెంపాక చేతులు కడుక్కోండి, కళ్లు నులుముకోకండి. కంటిపాప పెద్దదై గంటల తరబడి చూపు మసకబారుతుంది.

ఎండాకాలంలో టమాటా పూత రాలడం పుప్పొడి వల్లేనా?

చాలావరకు అంతే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే పుప్పొడి సరిగా తయారుకాదు. పువ్వు మామూలుగానే విచ్చుకుంటుంది, కాయ నిలవదు. పరీక్షించాలంటే పుప్పొడి మీద ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి కవర్‌స్లిప్ పెట్టండి. నిండు రేణువు ఎర్రగా, బొద్దుగా కనిపిస్తుంది. చచ్చుది పాలిపోయి ముడతలు పడి ఉంటుంది. మే నెల పువ్వునూ డిసెంబరు పువ్వునూ పోల్చి లెక్కపెట్టండి. యాసిడ్ ప్రమాదం లేని మంచి ప్రాజెక్టు ఇది.

పెద్ద ల్యాబ్ లేకుండా ఈ పుప్పొడిని చూడాలంటే ఏం చేయాలి?

కాలేజీలో ఉండే మామూలు మైక్రోస్కోప్ చాలు. 400 రెట్లు పెద్దగా చూపిస్తే గాళ్లు, కన్నాలు తెలుస్తాయి. ఉమ్మెత్త గీతలు కూడా కనిపిస్తాయి. సొలానమ్ మీది చుక్కలు కావాలంటే ఆయిల్ లెన్స్‌తో 1,000 రెట్లు కావాలి, అప్పుడు కూడా కళ్లు చిట్లించాలి.

పొద్దున విచ్చిన పువ్వు తెచ్చి, పరాగకోశాన్ని స్లయిడ్ మీద సూదితో తట్టండి. ఒక చుక్క ఆల్కహాల్ వేసి ఆరనిస్తే పైనున్న జిడ్డు అంచులకు పోతుంది. అంచును గుడ్డతో తుడిచేసి, సాఫ్రనిన్ అనే రంగు కలిపిన గ్లిజరిన్ జెల్లీ చిన్న ముక్క పెట్టి, స్లయిడ్ అడుగున కాస్త వేడి చూపించి, కవర్‌స్లిప్ వేయండి. అన్ని జాతులకూ ఇదే పద్ధతి వాడండి. లేకపోతే కొలతలు పోల్చడానికి పనికిరావు, జెల్లీలో రేణువులు రోజులు గడిచే కొద్దీ ఉబ్బుతాయి కూడా. అందుకని స్లయిడ్ చేసిన రోజే కొలవండి. స్లయిడ్ మీద మొక్క పేరు, తేదీ, ఊరు వెంటనే రాయండి. సాయంత్రం రాద్దామని పక్కన పెట్టిన స్లయిడ్లు నా దగ్గర ఇప్పటికీ ఒక డబ్బా నిండా ఉన్నాయి. అన్నిట్లోనూ మూడు గాళ్లు, సన్నని చుక్కలే. ఏది వంకాయో ఏది కామంచో నాకు తెలియదు.